కాలవ గట్టు మీద నా తుమ్మచెట్టు

ప్రశ్న: మేడమ్ గారూ, ఈ మధ్యే బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. పార్కులో రౌండ్లు కొట్టడం విసుగొచ్చి, ఆదివారాలు ఊరి బయట నడుస్తున్నాను. చెట్లూ పిట్టలూ చూస్తుంటే ప్రాణం లేచొస్తోంది. కానీ వేప, చింత తప్ప పేర్లు తెలియవు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పేర్ల గురించి టెన్షన్ వద్దమ్మా. రోజుకో దారి పట్టకుండా ఒకే దారిలో వెళ్లండి. అందులో ఒక చెట్టు దగ్గర ప్రతిసారీ పావుగంట ఆగండి.

నాకు దుగ్గిరాల వైపు కాలవ గట్టు మీద, నీళ్లపైకి వంగిన నల్లతుమ్మ ఒకటి ఉంది. వానలు పడ్డాక దానికి గిజిగాళ్లు గూళ్లు కడతాయి. మొదటిసారి చూసిన రోజు నడక సంగతే మర్చిపోయాను. పసుపు తల మగపిట్ట వరి ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొస కరుచుకుని ఎగిరింది. ఆకు బారునా చీలి, మూరెడు పోచ దాని వెంటే వెళ్లింది! గూడు సగం అయ్యేసరికి గంటలా వేలాడుతుంది. అప్పుడు ఆడపిట్ట వచ్చి చూసుకుంటుంది. నచ్చితేనే మగది గొట్టం అల్లి పూర్తిచేస్తుంది. లేదంటే ఆ గూడు అలాగే ఉండిపోతుంది, ఇంకోటి మొదలుపెడుతుంది. గాలికి రాలిన గూడు దొరికితే విప్పి చూడండి, లోపల ఎండిన మట్టి ముద్దలు అంటుకుని ఉంటాయి.

ఎండాకాలంలో గట్టు వెంట కానుగలు చూడండి. లేతాకు మెరుస్తుంటే, కింద పూలు పేలాలు పోసినట్టు రాలి ఉంటాయి.

చలికాలంలో మాత్రం మీకు దగ్గరే ఉన్న ఉప్పలపాడు వెళ్లి తీరాలి. అక్కడ చెరువులోని తుమ్మల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచుతుంటాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంది. నేను ఎన్నిసార్లు చూసినా మళ్లీ అక్కడే నిలబడిపోతాను. దగ్గరికి వెళ్లకండి, కేకలు వేయనివ్వకండి. బెదిరి పెద్దవి లేస్తే, గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి.

వానాకాలం గడ్డిలో పాములుంటాయి, చేతికర్ర, బూట్లు తప్పనిసరి.

ముందు మీ చెట్టేదో చూసుకోండి. ఆకు, బెరడు, కాయ విడివిడిగా ఫొటోలు తీసి పంపండి, పేరు నేను చెబుతాను.