బిట్ మారకపోతే ర్యామ్ గట్టిదేనా?

ప్రశ్న: కంప్యూటర్ ఇంజినీరింగ్ పూర్తయింది. హార్డ్‌వేర్ సెక్యూరిటీలో పరిశోధన చేద్దామని రోహ్యామర్‌తో (ర్యామ్‌లో కొన్ని వరుసల్ని పదేపదే తెరిచి, పక్క వరుసల్లో బిట్లు మార్చే దాడి) మొదలుపెట్టాను. డీడీఆర్3 ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఒకే అడ్రస్‌ను రాత్రంతా చదివించినా ఒక్క బిట్ మారలేదు. ర్యామ్ గట్టిదనుకోవచ్చా?

జవాబు: అప్పుడే వద్దు. అసలు మీ ప్రోగ్రాం ర్యామ్ దాకా వెళ్లిందా? ఒకసారి చదివిన డేటా ప్రాసెసర్‌లోని చిన్న, వేగమైన మెమరీ అయిన క్యాష్‌లో ఉండిపోతుంది, ఆ తర్వాత కోటిసార్లు అడిగినా అక్కడి నుంచే వస్తుంది. ప్రతి రీడ్ తర్వాత సీఎల్‌ఫ్లష్ అనే ప్రాసెసర్ ఆదేశంతో దాన్ని క్యాష్ నుంచి తీసేయాలి. అదీ చాలదు. ఒకే అడ్రస్‌ను చదువుతుంటే ర్యామ్‌లో అది ఉన్న సెల్స్ వరుస (రో) తెరిచే ఉంటుంది. వరుసను మూసి మళ్లీ తెరిచినప్పుడే పక్క వరుసల్లో బిట్లను నిలిపి ఉంచే ఛార్జ్ కారుతుంది. కాబట్టి ఒకే బ్యాంకులో (ఒకసారికి ఒక వరుసే తెరుచుకునే ర్యామ్ భాగం) రెండు వరుసల్ని మార్చి మార్చి చదవాలి. వాటి మధ్య ఒకే వరుస ఉంటే దానికి రెండు వైపులా దెబ్బ.

అలాంటి జంట దొరకాలంటే టైం కొలవాలి. మిగతా వాటికంటే స్పష్టంగా ఆలస్యమయ్యే జంటలు ఒకే బ్యాంకులో వేర్వేరు వరుసలవి. 2 ఎంబీ హ్యూజ్ పేజీలు (ఆపరేటింగ్ సిస్టం ఒకే ముక్కగా ఇచ్చే పెద్ద మెమరీ భాగాలు) వాడితే ఫిజికల్ అడ్రస్‌లో, అంటే ర్యామ్‌లోని అసలు చిరునామాలో, కింది 21 బిట్లు తెలిసిపోతాయి, వెతుకులాట చాలా తగ్గుతుంది.

ఇక లెక్క. సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లకు ఓసారి ర్యామ్ రిఫ్రెష్ అవుతుంది, అంటే కారిన ఛార్జ్ మళ్లీ నిండుతుంది. రీడ్‌కు 100 నానోసెకన్లయితే ఆలోపు 6,40,000 రీడ్లు, అంటే వరుసకు 3,20,000. 2014లో కార్నెగీ మెలన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న యూంగూ కిమ్ బృందం 129 డీడీఆర్3 మాడ్యూళ్లను పరీక్షిస్తే 110 దెబ్బతిన్నాయి. అతి తక్కువగా 1,39,000 సార్లకే బిట్ మారింది. మీ లూప్‌లో రీడ్ రెండు మూడు నానోసెకన్లలో అయిపోతోందా? వేగానికి మురిసిపోకండి, అది క్యాషే.

మధ్య వరుసను ఓసారి అన్నీ ఒకట్లతో, ఓసారి అన్నీ సున్నాలతో నింపి చూడండి. కొన్ని సెల్స్‌లో ఛార్జ్ ఉంటే ఒకటి, కొన్నిట్లో సున్నా.

ఎస్‌ఎస్‌డీ తీసేసి పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేయండి. మారిన బిట్ కెర్నల్‌దైతే (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ) సిస్టం పడిపోతుంది, ఫైల్‌దైతే చెడిన డేటానే డిస్క్‌కెక్కుతుంది. సొంత కోడ్‌కు ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాంలో రోహ్యామర్ కోసమే ఉన్న 13వ పరీక్ష నడపండి. అందులో తప్పులొస్తే మీకు పనికొచ్చే మాడ్యూల్ దొరికినట్టే.

డీడీఆర్4 జోలికి ఇప్పుడే పోకండి. చాలా చిప్స్‌లో టీఆర్‌ఆర్ అనే రక్షణ (పదేపదే తెరుచుకునే వరుసల్ని గమనించి, వాటి పక్క వరుసల్ని ముందే రిఫ్రెష్ చేసేది) ఉంటుంది, రెండు వరుసల దాడిని అది తరచూ పట్టేస్తుంది. అలాగని అవి భద్రమనీ కాదు: 2021లో బ్లాక్‌స్మిత్ పరిశోధకులు దెబ్బల క్రమాన్ని, వేగాన్ని మార్చి పరీక్షించిన 40 డీడీఆర్4 మాడ్యూళ్లలోనూ బిట్లు మార్చారు. మీ రిపోర్టులో 'ర్యామ్ సురక్షితం' అని కాకుండా, 'ఈ ప్యాటర్న్‌తో, ఇన్ని దెబ్బలకు బిట్ మారలేదు' అని రాయండి.