డిశ్చార్జి బుక్కును నమ్ముకోకండి, లాంగ్ రోల్ అడగండి

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మా నాన్నగారికి 81 ఏళ్లు. ఆర్మీలో తొమ్మిదేళ్లు చేసి రిజర్వులోకి వెళ్లారు. ఇప్పుడు పింఛను అడిగితే రిజర్వు కాలం రికార్డులో లేదంటున్నారు. సరిచేయించడం సాధ్యమేనా?"

సాధ్యమే. మా ఇంట్లో చేయించుకున్నాం. అయితే మీరు "సరిచేయండి" అని అడిగినంతకాలం పని కదలదు. ఆ మాట వినగానే అవతల కూర్చున్న గుమాస్తాకు తప్పు ఒప్పుకోమన్నట్టు ఉంటుంది, గట్టిగా బిగుసుకుంటాడు. "ఫలానా పుస్తకంలో ఫలానా నంబరు పేజీకి నకలు ఇవ్వండి" అని అడగండి. మాకు రెండేళ్లు వృథా అయ్యాక తెలిసిన తేడా ఇది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇప్పుడు నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్నాను. మా నాన్నగారు చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, అంటే 1963లో సిపాయిగా చేరారు. 1972లో రిజర్వుకు పంపారు, అంటే ఇంటి దగ్గరే ఉండి పిలిచినప్పుడు వెళ్లాలి. 1978లో పూర్తిగా వదిలేశారు. కలర్ సర్వీసు (సైన్యంలో ఉండి పనిచేసిన కాలం), రిజర్వు కలిపి 15 ఏళ్లు నిండితే రిజర్విస్టు పింఛను ఇవ్వవచ్చని ఆర్మీ పింఛను నిబంధనల్లో ఉంది. పెద్ద మొత్తమేమీ కాదు, సిపాయికి వచ్చే కనీస పింఛనులో మూడింట రెండు వంతులు. ఆ ముక్క ఆయనకు 1978లో చెప్పిన నాథుడు లేడు. 2009లో ఒక పెళ్లి బంతిలో పక్క విస్తరి ముందు కూర్చున్న రిటైర్డ్ సుబేదారు గారు మాటల మధ్యలో చెప్పారు. ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత, గోంగూర పచ్చడి వడ్డిస్తుండగా!

ఇంటికొచ్చి ట్రంకు పెట్టెలోంచి డిశ్చార్జి బుక్కు, అంటే సైన్యం వదిలేటప్పుడు ఇచ్చిన పుస్తకం, తీశాం. అందులో కలర్ సర్వీసు తేదీలు శుభ్రంగా ఉన్నాయి. రిజర్వు గడిలో ఒక అడ్డగీత. అంతే. ఆరేళ్లను ఎవరో స్కేలు పెట్టి కొట్టేశారు. మా అమ్మ మాత్రం "చెల్లి కడుపులో ఉన్నప్పుడు మీ నాన్నను రిజర్వు ట్రైనింగుకు పిలిచారు, నేను పుట్టింటికి ఒక్కదాన్నే వెళ్లాను" అని నెల, తిథితో సహా చెప్పింది. అమ్మ జ్ఞాపకానికి రబ్బరు స్టాంపు ఉండదు కదా.

2010లో సిపాయిల సర్వీసు కాగితాలు ఉంచే రికార్డు ఆఫీసుకు రాశాం. ఏ ఆఫీసో చెప్పను, అక్కడ ఇప్పుడున్నవాళ్లకు ఆ పాపంతో సంబంధం లేదు. జవాబు నాలుగు నెలలకు వచ్చింది: పింఛను లేనివారి సర్వీసు కాగితాలు 25 ఏళ్లు ఉంచి, తర్వాత నిబంధన ప్రకారం ధ్వంసం చేస్తారట, అందువల్ల ఏమీ చెప్పలేమట. లెక్క కట్టి చూడండి. 1978కి 25 కలిపితే 2003. పింఛను ఇవ్వలేదు కాబట్టి కాగితాలు తగలబెట్టారు, కాగితాలు లేవు కాబట్టి పింఛను ఇవ్వరు. ఇంత నున్నటి గుండ్రం మా ఊరి కుమ్మరి కూడా చేయలేడు.

ఆ తర్వాత ఏడాది పాటు మేము చేసినవన్నీ తెలివితక్కువ పనులే. విన్నపాల మీద విన్నపాలు రాశాం. "దేశసేవ చేసిన వృద్ధుడు" అని మొదలుపెట్టి మూడేసి పేజీలు. గుంటూరులో ఒక బ్రోకరు మహాశయుడు వచ్చే బకాయిలో సగం తనకిస్తే చేయిస్తానన్నాడు. మాజీ సైనికుల చుట్టూ ఈ జాతి ఈగల్లా తిరుగుతుంది, జాగ్రత్త. మా బాబాయి అయితే "ఆ చిల్లర పింఛనుకు ఇంత తిరుగుడా?" అన్నాడు. ఆయనకు తెలియనిది ఏమిటంటే, పింఛను మంజూరైతేనే మాజీ సైనికుల వైద్యానికి పనికొచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు వస్తుంది. మోకాళ్లు అరిగిన మనిషికి అసలు విలువ దానిది.

చివరికి మళ్లీ ఆ సుబేదారు గారి దగ్గరికే వెళ్లాం. ఆయన మా ఫైలు తిరగేసి ఒకే ప్రశ్న వేశారు: "లాంగ్ రోల్ అడిగారా?" సిపాయి ఫైలు తగలబడినా లాంగ్ రోల్ తగలబడదు. చేరిన ప్రతివాడికీ నంబరు వరుసలో ఒక్కో అడ్డవరుస ఉండే పెద్ద రిజిస్టరు అది, శాశ్వతంగా ఉంచుతారు. ఆ రిజిస్టరు పేరు చెప్పి అడిగితే తప్ప ఆ బీరువా ఎవరూ తెరవరని నా గట్టి నమ్మకం.

సమాచార హక్కు చట్టం కింద, పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, నాలుగే వాక్యాలు రాశాం. అందులో ఆర్మీ నంబరు తప్పులేకుండా వేశాం. మా నాన్నగారికి పెళ్లిరోజు గుర్తుండదు గానీ ఆ నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పేరుతో వెతికిస్తే మాత్రం గోవిందా. మన ఇంటిపేరు ముందుంటుంది, ఉత్తరాది గుమాస్తాకు అదే అసలు పేరు. పైగా మా నాన్నగారి పేరులోని "వెంకటేశ్వర్లు"ను ఏ పుణ్యాత్ముడో "వెంకటేశ్వర లాల్" చేసి పెట్టాడు. ఆయన ఆ పేరుతోనే తొమ్మిదేళ్లు తుపాకి మోశారు. మన పేర్లు మనమే ఇంగ్లీషులో ఒక్కో కాగితంలో ఒక్కోలా రాసుకుంటాం, తర్వాత ఆఫీసులను తిడతాం.

2011 మే నెల, రోహిణి కార్తె. మధ్యాహ్నం కరెంటు లేదు. తాటాకు విసనకర్రతో విసురుకుంటూ ఉండగా పోస్టుమాన్ కవరు ఇచ్చాడు. లోపల ఒకే ఒక కాగితం, అడ్డంగా మడతపెట్టిన పొడవాటి జిరాక్సు. పైవాళ్ల, కిందివాళ్ల వివరాలు పడకుండా తెల్లకాగితం పట్టీలు పెట్టి తీసినట్టున్నారు, మధ్యలో ఒక్క వరుస మాత్రం కనబడుతోంది. కలంతో రాసిన గొలుసుకట్టు ఇంగ్లీషు. నంబరు, వెంకటేశ్వర లాల్, చేరిన తేదీ. ఆ పక్కన రిజర్వుకు బదిలీ అని 1972 తేదీ. ఇంకా పక్కన, మరో సిరాతో, రిజర్వు నుంచి విడుదల 1978.

నేను ఆ చివరి గడి చూసి గంతేశాను. మా నాన్నగారు అటు చూడనే లేదు. భూతద్దం పెట్టి కింది అంచు చూస్తున్నారు. పట్టీ కాస్త వంకరగా పడినట్టుంది, కింది వరుసలో నంబరు చివరి రెండంకెలు బయటపడ్డాయి. తన నంబరు మీద ఒకటి ఎక్కువ.

"వీడు బాపట్లవాడురా. నా వెనకే నిలబడ్డాడు. రైల్లో నా దగ్గర పది రూపాయలు బదులు తీసుకున్నాడు."

"ఇచ్చాడా?"

"ఎక్కడ ఇస్తాడు? వాణ్ణి వేరే యూనిట్‌కు వేశారు."

ఆ కాగితం ఉన్నా పింఛను వెంటనే రాలేదు. 2012లో చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్ బెంచిలో కేసు వేశాం, పినాకిని రైల్లో మూడుసార్లు వెళ్లొచ్చాం. లాంగ్ రోల్ నకలు చూశాక అవతలి వకీలు పెద్దగా వాదించలేదు. రిజర్వు కాలం లెక్కలో చేరింది, పింఛను వచ్చింది. బకాయి మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే ఇచ్చారు. తర్సేమ్ సింగ్ అనే మాజీ సైనికుడి పింఛను కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి అది. అంటే అంతకుముందు ముప్ఫై ఏళ్ల డబ్బు పోయినట్టే. మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా ఒక నెల బకాయి వెనక నుంచి రాలిపోతుంటుంది. విన్నపాలు రాస్తూ కూర్చోవద్దని అందుకే అంటున్నాను.

ఒకవేళ రెండూ కలిపినా 15 ఏళ్లకు కొన్ని నెలలు తక్కువ పడితే కంగారుపడకండి. ఏడాది లోపు తక్కువను మాఫీ చేసే వీలుంది, అది వేరే దరఖాస్తు. ముందు లాంగ్ రోల్ రానివ్వండి.

మీ నాన్నగారికి ఆర్మీ నంబరు గుర్తుందా? ఈ పూటే అడిగి రాసిపెట్టుకోండి. పోస్టల్ ఆర్డరు రేపు పొద్దున కొనవచ్చు.