పదడుగుల గదిలో గోడ మంచం

ప్రశ్న: కూకట్‌పల్లిలో మాది రెండు పడకగదుల ఫ్లాట్. ఒక గది 10×10. పగలు ఆఫీసుగా వాడుకుని, చుట్టాలొస్తే పడకగదిగా మార్చుకోవాలని ఉంది. గోడకు నిలువుగా మడిచే క్వీన్ సైజు మంచం చేస్తానంటున్నాడు కార్పెంటరు. స్టోరేజీ మంచానికి వేసే హైడ్రాలిక్ సెట్టే సరిపోతుందట. చేయించవచ్చా?

జవాబు: మంచం చేయించండి. ఆ సెట్టు మాత్రం వద్దు. స్టోరేజీ మంచం పలక సగం లేస్తే చాలు; గోడ మంచం 90 డిగ్రీలు తిరిగి నిటారుగా నిలబడాలి. దీనికి ఇరుసు, ప్లేట్లు, గ్యాస్ పిస్టన్లు కలిపి వాల్ బెడ్ మెకానిజం అని విడిగా దొరుకుతుంది.

ఎంత బలం కావాలో లెక్క వేసుకోండి. 12 మి.మీ. ప్లైవుడ్, ఇనుప ఫ్రేము, 6 అంగుళాల ఫోమ్ పరుపు కలిసి 60 కిలోలు అనుకుందాం. ఆ బరువు మధ్యబిందువు ఇరుసుకు మీటరు దూరాన ఉంటుంది. పిస్టన్ నెట్టేది 20 సెంటీమీటర్ల దూరం నుంచి. అంటే ఐదు రెట్లు, 300 కిలోల బలం కావాలి. న్యూటన్లలో దాదాపు 3,000. పక్కకొకటి చొప్పున 1,500. తక్కువైతే మంచం దబ్బున పడుతుంది. ఎక్కువైతే మనిషి దిగగానే కాళ్ల వైపు లేస్తుంది. కొబ్బరి పీచు పరుపు అదే కొలత ఫోమ్ పరుపుకు రెట్టింపు దాకా తూగుతుంది కాబట్టి ముందు పరుపు కొని, తూచి, ఆ తర్వాతే మెకానిజం కొనండి.

పిస్టన్లు అన్నిటికన్నా చివర, సన్‌మైకా అంటించి పరుపు బిగించాక పెట్టాలి. పరుపు లేని మంచాన్ని కిందికి లాగి వదిలితే విసురుగా లేచి ముఖానికి తగులుతుంది. రెండు పక్కలా రంధ్రాల కొలత ఒక్కలాగే ఉండాలి, లేకపోతే ఒక పక్క ముందు దిగి ఫ్రేము మెలితిరుగుతుంది.

గోడ సంగతి ఇంకా ముఖ్యం. మంచం వాల్చిన ప్రతిసారీ దాన్ని మడిచి ఉంచే పెట్టె ముందుకు పడాలని చూస్తుంది. చిన్న రంధ్రం వేసి పొడి చూడండి. ఎర్రగా వస్తే ఇటుక. తెల్లగా, పిండిలా వస్తే తేలిక బ్లాకు. అందులో మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు, విచ్చుకునే బోల్టులు బ్లాకును నలిపి ఊడొస్తాయి. అక్కడ కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి బిగించే బోల్టు) వాడాలి, లేదా పెట్టెను ఇనుప యాంగిళ్లతో నేల శ్లాబుకే బిగించాలి. నాకైతే రెండోదే నయం. బిట్టు దిగనని మొరాయిస్తే అది మైవాన్, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడ. పట్టు గట్టిదే కానీ, లోపల కరెంటు పైపులు ఎటు పోతున్నాయో తెలుసుకోకుండా డ్రిల్ పెట్టకండి.

చోటు కూడా చూసుకోవాలి. మంచం వాలిస్తే గోడ నుంచి 7 అడుగులు వస్తుంది. ఎదుటి గోడకు 2 అడుగుల టేబుల్ ఉంటే మిగిలేది అడుగే, నడవలేరు. మంచాన్ని ఒక మూలకు జరిపి, టేబుల్‌ను పక్క గోడకు పెట్టండి. నిలువు పెట్టె ఎత్తు దాదాపు 7 అడుగులు కాబట్టి సజ్జ ఉన్న గోడ పనికిరాకపోవచ్చు.

ప్రశ్న: విశాఖలో మా హాలు 18×11. అవసరమైనప్పుడు రెండుగా చేసే జరిపే పార్టిషన్ ఎలా ఉంటుంది?

జవాబు: ఇది నూరేళ్ల నాటి ఆలోచనే. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఆర్కిటెక్ట్ గెరిట్ రీట్‌వెల్డ్ 1924లో కట్టిన ష్రోడర్ ఇంటి పై అంతస్తులో పలకలు జరిపితే గదులు, తెరిస్తే ఒకే హాలు. మీ దగ్గర పలకలు వేలాడి జరిగే పట్టాను శ్లాబుకో బీముకో బిగించాలి. ఫాల్స్ సీలింగ్ చానల్‌కు బిగిస్తే కిందికి వంగుతుంది. 8×3 అడుగుల ఫ్లష్ డోర్ పలక 35-40 కిలోలు ఉంటుంది. తెరిచినప్పుడు పలకలన్నీ ఒకే కొసకు చేరతాయి, బోల్టులు అక్కడ దగ్గరదగ్గరగా పడాలి. సముద్రపు గాలికి మామూలు చక్రాలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. చూపు ఆగుతుంది గానీ టీవీ మోత ఆగదు. ఫ్యాన్, స్విచ్చి రెండు వైపులా ఉండేలా ముందే చూసుకోండి.

ప్రశ్న: అద్దె ఇల్లు, గోడకు మేకు కొట్టనివ్వరు. మడిచే భోజనబల్ల ఏది మేలు?

జవాబు: కాళ్లు గేటులా తిరిగి రెక్కల్ని మోసే రకం. ఒక్కో మనిషికి 2 అడుగుల అంచు లెక్క వేసుకోండి. బల్ల ఎత్తు 30 అంగుళాలైతే రెక్క 27 దాటకూడదు, నేలకు రాసుకుంటుంది. తిరిగే కాలు రెక్క అంచు దగ్గరికి రావాలి. మధ్యలోనే ఆగితే మోచేయి ఆనించగానే బల్ల ఒరుగుతుంది.