అర్ధరాత్రి కంప్యూటర్‌ని తిట్టే కొడుకు

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. అర్ధరాత్రి రెండింటికి కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటాడు. ‘నిన్నటిదాకా బాగానే ఉన్నావు కదే, ఇవాళ ఏం పుట్టింది నీకు?’ అని దాన్ని తిడతాడు. ఏమైందిరా అంటే ‘ఒక్క సెమికోలన్ నాన్నా’ అంటాడు. ఈ చదువు వాడికి సరిపడదేమో, బ్రాంచి మార్పించమంటారా? - ఒక తండ్రి, తణుకు

జవాబు: అయ్యా, తిట్ల గురించి బెంగ వద్దు. ఈ పనిలో ఉండి కంప్యూటర్‌ని తిట్టనివాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మీవాడు చెప్పిన సెమికోలన్ (;) సంగతి నిజమే. ప్రోగ్రాములు రాసే సి భాషలో ఒక లైను చివర అది మరిచిపోతే, కంపైలర్ (మనం రాసింది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చిపెట్టేది) చాలాసార్లు తప్పు ఆ కింది లైన్లో ఉందంటుంది. దొంగ ఒకింట్లో ఉంటే పక్కింటి తలుపు బాదినట్టు! పైగా ఆ ఒక్క తప్పుకే వరసగా ఇరవై ఎర్రర్లు చూపించి హడలగొడుతుంది. మొదటిది సరిచేస్తే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయి. ఇదైనా నయం, నోరు తెరిచి చెప్పింది. పోల్చడానికి రెండు సమానం గుర్తులు పెట్టాల్సిన చోట ఒకటే పెడితే చాలాసార్లు కిమ్మనదు. ప్రోగ్రాం హాయిగా నడుస్తుంది, జవాబు మాత్రం తప్పొస్తుంది. మనవాళ్లు రాత్రిళ్లు మేలుకొనేది ఇలాంటివాటికే.

కేంబ్రిడ్జిలో ఎడ్‌శాక్ అనే తొలితరం కంప్యూటర్ తయారుచేసిన మారిస్ విల్క్స్‌కి 1949లో, మెట్లెక్కుతుండగా తట్టిందట: తన మిగతా జీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికే పోతుందని. ఆయన 2010 దాకా బతికారు. అంత పెద్దాయనకే తప్పనిది మీవాడికి తప్పుతుందా?

ఇలా చిరాకు పెట్టే ప్రోగ్రామింగ్ భాషల్ని వెక్కిరించడానికి 1972లో ప్రిన్స్‌టన్‌లో ఇద్దరు విద్యార్థులు ఇంటర్‌కాల్ అని ఒక భాషే తయారుచేశారు. అందులో ‘దయచేసి’ అన్న మాట సరిపడా వాడకపోతే మర్యాద లేదని కంపైలర్ పని మానేస్తుంది. మరీ ఎక్కువ వాడినా మానేస్తుంది. అతి వినయం ధూర్త లక్షణమని దానికెవరు చెప్పారో!

సలహాలివ్వడం మొదలుపెట్టక ముందు నేనూ కొన్నాళ్లు కోడ్ రాశాను. ఒకసారి రెండు రోజులు ఎంత మార్చినా అదే ఎర్రర్. చివరికి తేలిందేమిటంటే, నేను మారుస్తున్నది ఒక ఫైలు, నడుపుతున్నది దాని పాత కాపీ.

కాబట్టి వాడు ఎంత తిట్టాడన్నది చూడకండి. తప్పు దొరికాక ఏం చేస్తున్నాడో చూడండి. ముఖం వెలిగి, మీకు అర్థం కాకపోయినా వచ్చి చెబుతుంటే ఈ చదువు వాడిదే. అలా కాకుండా నెలల తరబడి పక్కవాడి ల్యాబ్ రికార్డు ఎక్కించుకుంటూ, ల్యాప్‌టాప్ తెరవడానికే భయపడుతుంటే అప్పుడు తీరిగ్గా మాట్లాడదాం. బ్రాంచి మార్పు మాత్రం దీనికి మందు కాదు. ఈసీఈకి వెళ్లినా మైక్రోకంట్రోలర్ అనే బుల్లి కంప్యూటర్ చిప్ దగ్గర మళ్లీ సి భాషే ఎదురొస్తుంది.

నిద్ర విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండండి. రాత్రి రెండింటికి కనపడని తప్పు పొద్దున కాఫీ తాగాక కనపడుతుంది.

ఇక ఆ ఒంటరి మాటలు. అదొక పద్ధతే. టేబుల్ మీద రబ్బరు బాతును పెట్టుకుని, ఒక్కో లైనూ ఏం చేస్తోందో దానికి వివరించి చెప్పే ప్రోగ్రామర్లున్నారు. చెబుతుండగానే తప్పు బయటపడుతుంది. మీ ఇంట్లో బాతు ఎందుకు, మీరున్నారుగా. కథ వింటున్నట్టు ఊ కొట్టండి చాలు. మధ్యలో వాడు ‘ఆఁ, దొరికింది!’ అని మిమ్మల్ని అక్కడే వదిలేసి గదిలోకి పరుగెత్తితే నొచ్చుకోకండి.