నోట్లో నాలుక లేనివాడు తాగుడుకు ఎలా చిక్కుతాడు?

మీ తమ్ముడు ఎవరితోనూ గట్టిగా మాట్లాడడని, అలాంటివాడు తాగుడుకు బానిస ఎలా అయ్యాడని, ఇది స్వభావంలోనే ఉంటుందా అని అడిగారు. చిత్తూరులో మా ఇంట్లోనే రెండు రకాలూ చూశాను.

మా అన్నయ్య దుడుకు మనిషి. గుట్కా, సిగరెట్టు, పేకాట, దేన్నీ వదల్లేదు. వీడు చెడిపోతాడని బంధువులంతా తేల్చేశారు. మోజు తీరాక ఒక్కొక్కటే మానేశాడు, సిగరెట్టు తప్ప. మా తమ్ముడు మెతక. తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జి కౌంటర్లో పనికి చేరాడు. గది దొరకని యాత్రికులు గొంతు పెంచితే వాడికి ముచ్చెమటలు పట్టేవి. ఒక రాత్రి ఎవరో పోసిన మందుతో ఆ బెదురు మాయమైంది. ఇంకేం కావాలి? కొన్నాళ్లకు పొద్దున్నే రిజిస్టరులో పేరు రాయబోతే పెన్ను వణికేది, రెండు గుక్కలు పడ్డాకే అక్షరాలు కుదురుకునేవి. కొండ కింద ఉంటూ ఈ తాగుడేమిటని అమ్మ ఏడ్చేది. తిరుమల కొండ మీద మద్యనిషేధం ఉన్నా, కింద ఊళ్లో మందు దొరికేది కదా!

వ్యసనపరుడి స్వభావం అంటూ ఒకే మూస లేదు. పాట్రీషియా కాన్‌రాడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగు గుణాలను గుర్తించారు: నిరాశ, ఆందోళన లక్షణాలకే బెదిరిపోవడం, ముందూవెనకా చూడని దుడుకు, ఉత్కంఠ కోసం వెంపర్లాట. మావాడిది రెండోది. మద్యం కాసేపు భయాన్ని అణచి, దిగేటప్పుడు అంతకంతా పెంచుతుంది. మద్యం వ్యసనంలో వంశపారంపర్యం వాటా దాదాపు సగమని పరిశోధనలు చెబుతున్నాయి. మా తాతయ్యా తాగేవాడు. మిగతాది బతుకు తీరు, అందుబాటు.

ఒట్లు వేయించడం, తిట్టడం మా ఇంట్లో పనిచేయలేదు. భయస్తుణ్ని తిడితే ఇంకా తాగుతాడు. డాక్టరు తాగుడుతో పాటు ఆ బెదురుకూ వైద్యం చేశాక, కౌంటరు పని మాని స్టోరు చూసుకోవడం మొదలుపెట్టాక తేరుకున్నాడు. మధ్యలో ఒకసారి మళ్లీ మొదలుపెట్టాడు, అయినా చికిత్స ఆపలేదు.

మీ తమ్ముడు రోజూ తాగేవాడైతే ఇంట్లో పెట్టి హఠాత్తుగా మాన్పించకండి. ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదకూ రావచ్చు. తిరుపతిలోని రుయా ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. ముందు ఫోనులో మాట్లాడాలంటే వ్యసన విముక్తికి 14446, మానసిక సలహాకు టెలీ మానస్ 14416, రెండూ ఉచితమే. ఏ సమయంలో, ఎవరి ఎదుట తాగాలనిపిస్తుందో వాడినే నెమ్మదిగా అడిగి రాసుకుని వెళ్లండి, డాక్టరు మొదట అడిగేది అదే.