రాని రోగుల లెక్క

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మీ ఆసుపత్రిలో పరిశోధన విభాగం నీకు అప్పగించారనీ, పాత ఓపీ రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలుపెట్టావనీ మీ అమ్మ చెప్పింది. ఎక్కించు, వద్దనను. కానీ ప్రభుత్వం చెవిన వేసుకునే మాట, చుట్టుపక్కల ఊళ్లకు పనికొచ్చే మాట ఆ రిజిస్టర్లలో దొరకదు. అందులో పేరున్నవాళ్లంతా ఎలాగో ఒకలా మీ గుమ్మం ఎక్కినవాళ్లే. నువ్వు వెతకవలసింది ఎక్కనివాళ్లను.

హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు చేసింది అదే. 1996 నుంచి 2000 వరకు నగరంలోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లోనూ పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. వచ్చినవాళ్లను కాదు, ఇళ్లకు వెళ్లి ఎంపిక చేసినవాళ్లను. 1.84 శాతం మందికి అంధత్వం ఉందని తేలింది. కారణాల్లో శుక్లాలదే పెద్ద వాటా, అది ఎవరైనా ఊహించేదే. తెలియనిది ఏమిటంటే, అంధుల్లో సుమారు 16 శాతం మందికి కారణం సరిచేయని దృష్టి దోషం. అంటే వాళ్లకు కావలసింది ఆపరేషన్ కాదు, కళ్లజోడు! కళ్లజోడు లేక చూపు పోయినవాడి కోసం నగరంలో ఆసుపత్రికి ఇంకో అంతస్తు కట్టి ఏం లాభం? 50 వేల జనాభాకు ఒక దృష్టి కేంద్రం, అందులో ఏడాది శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు, వాళ్లపైన 5 లక్షల మందికి ఒక ఆపరేషన్ కేంద్రం అనే వాళ్ల ఏర్పాటుకు బలం ఇలాంటి లెక్కలే.

ఇక నువ్వు ఇళ్లకు వెళ్లి అడగాల్సిన ప్రశ్నావళి. 'ఆసుపత్రికి ఎందుకు రాలేదు?' అని మాత్రం అడగకు. 'ఏదో, కుదరలేదమ్మా' అంటారు, నీ కాగితంలో 'తీరిక లేదు' అని పడుతుంది. 'పోయినసారి జబ్బు చేసినప్పుడు ఎవరు వెంట వచ్చారు, బస్సుకు ఎంతయింది, ఆ రోజు కూలి పోయిందా' అని అడుగు. ముసలమ్మ కంటి ఆపరేషన్ ఆగిపోయింది డబ్బుకు కాదనీ, కోడలికి పత్తి తీత ఉండడం వల్లనీ అప్పుడు బయటపడుతుంది. తేదీ మార్చి, వాహనం పంపితే తీరే చిక్కు అది.

లెక్కలు రాసేది ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలే కదా. వాళ్ల చేతిలో ఇప్పటికే బోలెడు రిజిస్టర్లు. నీదొకటి కలిపే ముందు, వాళ్లు ఒకే విషయాన్ని రెండుచోట్ల రాస్తున్నది ఏదో చూసి, పైవాళ్లతో మాట్లాడి తీయించు. లేకపోతే నెలాఖరున ఒక్కసారే కూర్చుని నింపేస్తారు, నేనైనా అదే చేస్తాను.

ఓపిక సంగతి కూడా చెప్పాలి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊళ్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పసికందులకు ఇంటి దగ్గరే సంరక్షణ అందించి, అలా చేయని ఊళ్లతో పోల్చి చూశారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. దేశమంతటా ఆశా కార్యకర్తల ద్వారా ఆ పద్ధతి మొదలైంది పన్నెండేళ్ల తర్వాత, 2011లో. ఈ రోజు ఆసుపత్రిలో కాన్పు అయినా ఆశా ఆరుసార్లు ఇంటికి వచ్చి బిడ్డను చూసి వెళ్లాలన్న నియమం అలా వచ్చిందే. పోల్చడానికి వేరే ఊళ్లు లేకపోతే 'ఎలాగూ తగ్గేవేలే' అని ఒక్క మాటతో కొట్టిపారేసేవారు.

నువ్వు చేసే తప్పు ఒకటి ఇప్పుడే కనిపిస్తోంది: సర్వే అంతా అయ్యాక డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) గారికి నివేదిక ఇద్దామనుకుంటున్నావట. ముందే వెళ్లు. 'ఏ సంగతి తేలితే మీరు ఫైలు కదపగలరు?' అని అడుగు. ఆయన నోట తప్పకుండా ఖర్చు మాట వస్తుంది. కాబట్టి మనిషికి ఎంతయిందో మొదటి రోజు నుంచే రాసిపెట్టు. పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఇంటి గడప తొక్కకముందే ఉండాలి. తేలిన సంగతులు ఆ ఊళ్లోవాళ్లకు పంచాయతీ దగ్గర చెప్పాకే పరిశోధన పత్రికకు పంపు.

ప్రశ్నావళి సిద్ధమయ్యాక నాకు పంపు. ఇంగ్లీషు ప్రతి వద్దు. ఇంటి ముందు నిలబడి అడగబోయే తెలుగు మాటలే పంపు, ఎర్ర సిరాతో దిద్ది ఇస్తాను.

నీ మామయ్య