ఇన్‌స్టాల్ గైడ్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

కొత్తవాళ్ల కోసం నువ్వు రాసిన పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ఇన్‌స్టాల్ గైడ్ రెండుసార్లు చదివాను. తెలుగు హాయిగా ఉంది, ఎక్కడా తప్పు సమాచారం లేదు. కానీ పైథాన్ అప్పటికే నడుస్తున్న కంప్యూటర్ ముందు కూర్చుని రాశావని తెలిసిపోతోంది. ‘టెర్మినల్ తెరిచి పైథాన్ అని టైప్ చేయండి’ అన్నావు. కమాండ్లు టైప్ చేసే ఆ టెర్మినల్ విండో ఎక్కడుంటుందో కొత్తవాడికి ఎవరు చెప్పారు? వెతికి పట్టుకుని టైప్ చేసినా, విండోస్‌లో ఒక్కోసారి పైథాన్ బదులు మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. అప్పుడేం చేయాలో నీ గైడ్‌లో లేదు.

కొన్నేళ్ల కిందట నేను రాసిన గైడ్ ముందు పెట్టుకుని ఒకమ్మాయి నా పక్కనే కూర్చుంది. మధ్యలో నోరు మెదపకూడదని ముందే అనుకున్నాను. డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయాయి. నోట్‌ప్యాడ్‌లో ఒకే ఒక్క ప్రింట్ లైను రాసి ‘హలో.పీవై’ అని సేవ్ చేసింది. రన్ చేస్తే అలాంటి ఫైలే లేదని ఎర్రర్. ఫోల్డర్ తెరిస్తే ఫైలు కళ్లెదురుగానే ఉంది. మళ్లీ సేవ్ చేసింది, మళ్లీ అదే ఎర్రర్. చివరికి పైథాన్ మొత్తం తీసేసి మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసింది. జరిగిందేమిటంటే, నోట్‌ప్యాడ్ ఆ పేరు చివర ‘.టీఎక్స్‌టీ’ అని తగిలించింది. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరుండే ఇలాంటి ఎక్స్‌టెన్షన్లు చూపించదు కాబట్టి ఆ తోక ఆమెకు కనబడలేదు. అరగంట అయ్యాక, “నాకు కోడింగ్ రాదులెండి” అంది. అప్పటికి కోడింగ్ ఇంకా మొదలే కాలేదు! సేవ్ చేసేటప్పుడు ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకోమని ఒక్క వాక్యం నేను రాసి ఉంటే ఆమె ఆ మాట అనేది కాదు. ఇప్పటికీ ఆ సంగతి గుచ్చుకుంటూనే ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువమంది ఆగిపోయేది పాత్ దగ్గర. దాన్ని నువ్వు ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్’ అని చెప్పి వదిలేశావు. ఇలా చెప్పి చూడు: మనం ఒక ప్రోగ్రామ్ పేరు టైప్ చేస్తే, దానికోసం ఏయే ఫోల్డర్లలో వెతకాలో కంప్యూటర్ దగ్గర ఒక జాబితా ఉంటుంది, అదే పాత్. చాలాకాలంగా అందరూ వాడుతున్న విండోస్ ఇన్‌స్టాలర్‌లో మొదటి స్క్రీన్ అడుగున పైథాన్‌ను పాత్‌లో చేర్చే టిక్ బాక్స్ ఉంటుంది. అది ఖాళీగా ఉంటుంది, మనమే టిక్ పెట్టాలి. పెట్టినా మరో చిక్కుంది. టెర్మినల్ ఆ జాబితాను తెరుచుకునేటప్పుడే తీసుకుంటుంది కాబట్టి, ముందే తెరిచి ఉన్న విండోకు కొత్త పాత్ తెలియదు. ‘ఆ విండో మూసేసి మళ్లీ తెరవండి’ అని తప్పకుండా రాయి. ఎంతమందికి ఎన్ని గంటల టెన్షన్ తప్పుతుందో!

విండోస్, మ్యాక్, లినక్స్ సూచనలు ఒకే పేరాలో కలిపేశావు, విడదీసెయ్. ఒకచోట పైథాన్ అని, మరోచోట పైథాన్3 అని, ఇంకోచోట పీవై అని టైప్ చేయాల్సి వస్తుంది. మూడూ ఒకేచోట చదివితే ఎవరికైనా తల తిరుగుతుంది. కమాండ్ల ముందు $ గుర్తు పెట్టకు, కాపీ చేసేవాళ్లు దాన్నీ కలిపి కాపీ చేస్తారు. కోడ్‌లో వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు పడకుండా చూసుకో, వాటిని పైథాన్ ఒప్పుకోదు. >>> అని పైథాన్ మన కోడ్ కోసం ఎదురుచూస్తున్నచోట ఫైలును రన్ చేసే కమాండ్ ఇస్తే సింటాక్స్ ఎర్రర్ (రాసింది పైథాన్ కోడ్‌లా లేదనే ఎర్రర్) వస్తుందని కూడా చెప్పు. ఒక్కో ప్రాజెక్టుకు పైథాన్‌ను విడిగా ఉంచుకునే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ల గురించి రాసిన రెండు పేజీలు మాత్రం తీసెయ్. మొదటిరోజు వాటితో పని లేదు.

ఇంకోటి, ఇది నాకు చాలా ముఖ్యం. ‘గమనిక’ అని రాయాల్సి వచ్చిన ప్రతిచోటా, ఆ అడుగే లేకుండా చేయొచ్చా అని ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసేవాళ్లను అడుగు. 1982లో వచ్చిన కమడోర్ 64 కంప్యూటర్ ఆన్ చేస్తే నేరుగా బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష సిద్ధంగా ఉండేది, ఇన్‌స్టాల్ అనే మాటే లేదు. జావా అనే మరో భాషలో ముందు కంపైల్ చేసి, అంటే కోడ్‌ను నడపగలిగే రూపంలోకి మార్చి, తర్వాత రన్ చేయాల్సి వచ్చేది. 2018లో జావా 11 వచ్చాక ఒకే ఫైలులో ఉన్న ప్రోగ్రామ్‌ను ఒక్క కమాండ్‌తో నడిపించొచ్చు. కోడ్ రాసుకునే థానీ అనే ఎడిటర్ పైథాన్‌ను తనతోపాటే తెస్తుంది, పాత్ గొడవే ఉండదు. నీ గైడ్ దానితోనే ఎందుకు మొదలుపెట్టకూడదు? జావాలో ఆ మార్పు, థానీ రెండూ కొత్తవాళ్ల ఇబ్బంది చూసి చేసినవే. కొత్తవాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో రోజూ చూసేది మనం. మనం చెప్పకపోతే భాషను తయారుచేసేవాళ్లకు తెలిసేదెలా?

ఇక తిరగరాయడం మొదలుపెట్టు. ఎప్పుడూ కోడ్ రాయని మనిషిని ఒకరిని పిలిచి, పైథాన్ లేని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టు. నువ్వు వెనక కూర్చో, ఏమీ చెప్పకు. చెయ్యి ఎక్కడ ఆగిందో, ఏ మాట రెండోసారి చదివారో ఒక కాగితం మీద రాసుకో. గైడ్ తర్వాత పంపుదువుగానీ, ముందు నాకు ఆ కాగితం పంపు.

మీ అన్నయ్య